రక్తపోటు గలవారిలో గుండెదడ

గుండెదడ యనునది వ్యాధి పేరు కాదు, అనుభూతి పేరు. నిత్యము తన యునికిని తెలియనీయక పనిచేయు హృదయము ఒక్కసారిగా తానున్నానని చాటుకొనుటయే దడ. రక్తపోటు గలవారిలో ఇది యేల కలుగునను ప్రశ్నకు వైద్యశాస్త్రము సమాధానము వెదకిన చరిత్రలో, ఆ యనుభూతిని పోటునుండి వేరుచేసి చూచుటయే ప్రధాన ఘట్టము. సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదున మాత్రము నేటికిని రెండింటిని ఒక్కటిగనే యెంచుదురు. "పానం గాబరైతున్నది, బీపీ పెరిగినట్టున్నది" అను మాట అక్కడి మందుల దుకాణముల ముందర తరచు వినవచ్చును.

ప్రాచీనులు దడను ఎరుగనివారు కారు. చరకసంహిత పాండురోగపు పూర్వరూపములలో హృదయస్పందనమును చేర్చినది. రక్తహీనతవలన గుండె వేగిరపడునని నేటి వైద్యులు చెప్పుదానికి అది దగ్గరగనే యున్నది. తెలుగునాట వైద్యులు ఆదరించిన బసవరాజీయము నాడీపరీక్షను వివరించినది. అయితే వ్రేళ్లక్రింది నాడి వేగమును, లయను తెలుపును గాని పోటును అంకెలలో చెప్పజాలదు. 1733లో స్టీఫెన్ హేల్స్ అను ఆంగ్ల మతాచార్యుడు, గుఱ్ఱపు ధమనిలో అమర్చిన గాజుగొట్టమున నెత్తురు ఎనిమిదడుగులకు పైగా ఎగబ్రాకుటను ప్రకటించెను; 1896లో రీవా రోచ్చి చేతికి చుట్టు పట్టీని కల్పించెను; 1905లో కొరొట్కోఫ్ మోచేతి మడతయొద్ద వినవచ్చు చప్పుళ్లతో పై అంకెను, క్రింది అంకెను నిర్ణయించెను. ఇంచుమించు ఆ కాలముననే ఐంథోవెన్ హృదయ విద్యుత్తును రేఖలకెక్కించెను. పోటునకొక యంత్రము, లయకు వేరొకటి ఏర్పడిన పిదప తేలినదేమనగా, పోటు హెచ్చుగనున్న పెక్కుమందికి దడయే యుండదు.

లయను చూడలేక పండితులే పొరబడిన ఉదంతమొకటి ఈ ప్రాంతపు చరిత్రలోనే కలదు. జహీరాబాదు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రపు బీదరు జిల్లాలో నుండెను. ఆ హైదరాబాదులోనే 1888, 1889 సంవత్సరములలో, వైద్యుడు ఎడ్వర్డ్ లారీ పూనికతో, మత్తుమందైన క్లోరోఫామును పరీక్షించు కమిషన్లు రెండు కూడి, మత్తులో ముందుగ నిలిచిపోవునది శ్వాసయే గాని గుండె కాదని తీర్పు చెప్పినవి; రెండవదానికి లండనునుండి లాడర్ బ్రంటన్ అను వైద్యుడు వచ్చెను. జంతువుల రక్తపోటును గీతలుగా నమోదుచేసిన ఆ పండితులకు, లయను నమోదుచేయు సాధనము లేకుండెను. పలుచని మత్తులోనే గుండె లయతప్పి ఆగిపోగలదని 1911లో లెవీ అను పరిశోధకుడు చూపుటతో ఆ తీర్పు వీగిపోయెను.

సర్పగంధి కథ ఈ చరిత్రలోకెల్ల ముచ్చటైనది. దాని వేరు రక్తపోటును తగ్గించునని 1931లో కలకత్తాలో గణనాథ సేన్, కార్తిక చంద్ర బోసులు ప్రకటించిరి. ఆ యేడే సలీముజ్జమాన్ సిద్దీఖీ ఆ వేరునుండి వేరుపరచిన పదార్థమునకు హకీం అజ్మల్ ఖాన్ పేర అజ్మలీన్ అని పేరిడగా, అది తరువాత లయదోషములకు మందైనది. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో వ్రాసిన వ్యాసముతో ఆ వేరు లోకమెల్ల తెలిసెను. 1952లో ఆ వేరునుండియే పోటును తగ్గించు రిసర్పిన్ వెలువడెను. ఒక్క వేరులో పోటునకొక మందు, లయకొక మందు!

మందులే దడను తెచ్చుటయు కలదు. నేడు విరివిగా వాడు అమ్లోడిపిన్ రక్తనాళములను సడలించగా కొందరిలో గుండె వేగిరపడును. నీటిమాత్రలు వాడువారికి చెరకు కోతలో చెమటోడ్చిన దినమున నీరును పొటాషియమును తగ్గి అదనపు స్పందనలు పుట్టవచ్చును. జేమ్స్ బ్లాక్ కనుగొన్న ప్రొప్రనొలాల్ దడను అణచునదే యైనను, హఠాత్తుగా మానినచో దానిని మరల రేపును. దడ తగ్గినదని మాత్ర మానుట, దడ వచ్చినదని రెండు మ్రింగుట, రెండును తప్పే.

వీటన్నిటికంటె భయపడవలసినది వేరు. ఏండ్ల తరబడి పోటునకు ఎదురొడ్డిన ఎడమ జఠరిక దళసరియగును, దాని వెనుకనున్న కర్ణిక సాగును. సాగిన కర్ణిక తాళము తప్పి కంపించినచో అందు గడ్డకట్టిన నెత్తురు మెదడునకెక్కి పక్షవాతము కలుగవచ్చును. అందుకే అనుభవముగల వైద్యుడు, "గుండె ఎట్ల కొట్టుకుంటున్నదో బల్ల మీద కొట్టి చూపియ్యమ్మా" అని అడుగును. ఆమె వ్రేలు వడిగానైనను సమముగా కొట్టినచో ఒక యర్థము. నడుమనొకటి తప్పి పిదప గట్టిగా కొట్టినచో అదనపు స్పందన. ఏ తాళమునకును చిక్కక కొట్టినచో వెంటనే ఈసీజీ. ఛాతీనొప్పియో, కన్నులు తిరిగి పడుటయో తోడైనచో వరుసలో కూర్చుండబెట్టరు. తాళము తప్పిన గుండెకు పట్టీ ఒకమారు చూపిన అంకె మరుక్షణమున మారును గనుక, మూడుమార్లు కొలిచి సగటు వ్రాసికొందురు.