డబ్బా మీద 6000

కంప్యూటర్‌కి కొత్త ర్యామ్ కొన్నవాళ్ళలో చాలామందికి ఈ అనుభవం ఉండే ఉంటుంది. డబ్బా మీద పెద్ద అంకెల్లో డీడీఆర్5-6000 అని ఉంటుంది. తెచ్చి బిగించి, ఆన్ చేసి, టాస్క్ మేనేజర్ తెరిస్తే 4800 కనిపిస్తుంది. మిగతా 1200 ఎటు పోయినట్టు? బయాస్‌లోకి వెళ్ళి ఎక్స్‌ఎంపీ అనో ఎక్స్‌పో అనో ఉన్న మీట నొక్కితే వస్తుందంటారు. వస్తుంది కూడా. ఒక్కోసారి దాని వెంట ఇంకొన్ని వస్తాయి: నీలిరంగు తెర, తెరుచుకోని జిప్ ఫైలు, సగంలో ఆగిపోయిన రెండర్.

అమెరికాలో ఈ గొడవ కోర్టుదాకా పోయింది. డబ్బా మీది వేగం బిగించగానే వచ్చే వేగం కాదనీ, ఓవర్‌క్లాక్ చేస్తేనే వచ్చేదనీ, ఆ సంగతి సరిగ్గా చెప్పకుండా అమ్మారనీ కోర్సెయిర్ కంపెనీ మీద కొనుగోలుదారులు దావా వేశారు. తప్పు చేశామని ఒప్పుకోకుండానే కంపెనీ 55 లక్షల డాలర్లకి రాజీకొచ్చింది. 2025లో ఆ వార్త చదివినప్పుడు నాకు డబ్బు సంగతి కంటే వేరే ప్రశ్న తోచింది. అసలా 6000 ఎవరిచ్చిన మాట? ర్యామ్ చేసినవాడిదా, మదర్‌బోర్డు చేసినవాడిదా, ప్రాసెసర్ చేసినవాడిదా? దీనికి జవాబు కావాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్‌కి 1966లో వచ్చిన ఆలోచనతో ఈ కథ మొదలవుతుంది. ఒక బిట్‌ని దాచడానికి ఒకే ట్రాన్సిస్టర్, ఒకే కెపాసిటర్ చాలునన్నది ఆ ఆలోచన. 1968లో పేటెంట్ వచ్చింది. 1970లో ఇంటెల్ 1103 చిప్ మార్కెట్లోకి వచ్చి, పాత అయస్కాంతపు రింగుల మెమరీని కొన్నేళ్ళలోనే మూలకి నెట్టేసింది. చవక, చిన్నది. కానీ ఒక చిక్కుంది. ఆ కెపాసిటర్ చెమర్చే మట్టికుండ లాంటిది. నింపిన ఛార్జి కారిపోతూనే ఉంటుంది. పూర్తిగా కారిపోకముందే చదివి మళ్ళీ నింపాలి. డీడీఆర్4 దాకా ఉన్న నియమం ప్రకారం ప్రతి గదినీ 64 మిల్లీసెకన్లలో ఒకసారి తిరిగి నింపాలి, అంటే సెకనుకి దాదాపు పదహారుసార్లు. అందుకే దాని పేరులో 'డైనమిక్' అనే మాట చేరింది. మనం 'మెమరీ' అని గొప్పగా పిలుచుకునేది నిజానికి క్షణానికోసారి గుర్తుచేస్తే తప్ప ఏదీ గుర్తుండని పదార్థం.

వేడెక్కితే ఈ కారడం ఇంకా పెరుగుతుంది. చిప్ 85 డిగ్రీలు దాటితే 64 కాదు, 32 మిల్లీసెకన్లకే నింపాలని నియమాల్లోనే రాసుంది. మాది పల్నాడు. ఏప్రిల్ వస్తే టీవీవాళ్ళు మైకులు పట్టుకుని రెంటచింతలకి బయల్దేరే ప్రాంతం. ఇరవై డిగ్రీల ఏసీ గదిలో కూచుని రివ్యూలు రాసేవాడి 6000కీ, పై అంతస్తు రేకుల గదిలో మే నెల మధ్యాహ్నం నడవాల్సిన 6000కీ మధ్య ఉన్న తేడా డబ్బా మీద ఉండదు.

తొంభైల్లో చిప్‌ల మీద నానోసెకన్లు వేసేవాళ్ళు. 10 అని ఉంటే 100 మెగాహెర్ట్జ్ అని లెక్క కట్టుకోవచ్చు. లెక్క సరిపోయినా కార్డు మాత్రం ఆ వేగంలో నిలబడాలనేముంది? తీగల పొడవూ, పొరల అమరికా, పక్కనున్న కార్డు, అన్నీ కలిసి పనిచేస్తేనే సిగ్నల్ సరిగ్గా చేరుతుంది. 1998 నాటికి ఇంటెల్ పీసీ100 అని ఒక వివరమైన స్పెసిఫికేషన్ రాసి, మాడ్యూల్ మీద తీగలు ఎలా గియ్యాలో కూడా చెప్పింది. కార్డు తన వివరాలు తానే చెప్పుకునేందుకు ఎస్‌పీడీ అనే చిన్న చిప్‌కి కూడా అందులో చోటిచ్చింది. నా దృష్టిలో డబ్బా మీది అంకె గౌరవంగా బతికిన కాలం అదే. పీసీ100 అంటే 100. మీట నొక్కే పని లేదు.

ఆ గౌరవం మరుసటి ఏడాదే చిక్కుల్లో పడింది. ర్యాంబస్ అనే కంపెనీ మెమరీతో ఇంటెల్ 820 చిప్‌సెట్ తెచ్చింది. 1999 సెప్టెంబరులో విడుదల. బోర్డులు తయారైపోయాయి, కంపెనీలు కంప్యూటర్లు సిద్ధం చేసుకున్నాయి. సరిగ్గా విడుదలకి ముందు ఇంటెల్ ఆపేసింది. మూడు స్లాట్లున్న బోర్డుల్లో మెమరీ తప్పులు వస్తున్నాయి. స్లాట్ పెరిగే కొద్దీ సిగ్నల్ దారిలో ఎత్తుపల్లాలు పెరుగుతాయి, ప్రతి మలుపు దగ్గరా కొంత సిగ్నల్ వెనక్కి తన్నుకొస్తుంది, పాత సున్నా ప్రతిధ్వని కొత్త ఒకటి మీద పడుతుంది. చివరికి రెండు స్లాట్లతో నవంబరులో విడుదల చేశారు. తర్వాత మామూలు ఎస్‌డీర్యామ్‌ని ఆ చిప్‌సెట్‌కి కలపడానికి పెట్టిన అనువాదక చిప్‌లో లోపం బయటపడి, 2000 మేలో ఆ బోర్డుల్ని వెనక్కి పిలవాల్సి వచ్చింది. ప్రపంచంలోకెల్లా పెద్ద చిప్ కంపెనీ మూడో స్లాట్ దగ్గర ఓడిపోయింది. దీన్ని గుర్తుపెట్టుకోండి, నాలుగో స్లాట్ దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

2003లో ఏఎండీ మెమరీ కంట్రోలర్‌ని ప్రాసెసర్ లోపలికే తెచ్చింది. ఇంటెల్ 2008లో తెచ్చింది. వేగానికి మేలు జరిగింది కానీ బాధ్యత మూడు ముక్కలైంది. ఈ మధ్యలోనే, 2007లో, ఇంటెల్ ఎక్స్‌ఎంపీ వచ్చింది. ర్యామ్ కార్డులో ఉన్న అదే చిన్న ఎస్‌పీడీ చిప్‌లో ఇంకో పట్టిక చేర్చారు: ఇంత వేగం, ఇన్ని టైమింగులు, ఇంత వోల్టేజీ. డీడీఆర్5కి ప్రామాణిక వోల్టేజీ 1.1 అయితే ఈ పట్టికల్లో 1.35 మామూలే. ఏఎండీ 2022లో ఎక్స్‌పో పేరుతో తన పట్టిక తెచ్చుకుంది. ప్రమాణాలు రాసే జెడెక్ సంస్థ పట్టిక ఒకటి, కంపెనీ పట్టిక ఇంకొకటి. డబ్బా మీద అచ్చయ్యేది రెండోది.

ప్రాసెసర్ కంపెనీ ఏమంటుంది? ఏఎండీ రైజెన్ 7000 వివరాల పేజీలో రెండు కార్డులు పెడితే 5200 అని ఉంటుంది. నాలుగు పెడితే? 3600. మళ్ళీ 1999 మూడో స్లాటు కథే. బోర్డు మీద నాలుగు స్లాట్లు అందంగా మెరుస్తుంటాయి, నాలుగూ నింపితే కంపెనీ ఇచ్చే మాట 6000లో సగం కంటే కొంచెం ఎక్కువ.

నరసరావుపేటలో మా పెదనాన్న కొడుకు ఫోటో స్టూడియో, దానికి అనుబంధంగా డీటీపీ నడుపుతాడు. పెళ్ళి ఆల్బమ్‌లు, ఫ్లెక్సీలు, అప్పుడప్పుడూ రిటైరైన మాస్టార్ల పద్యాల పుస్తకాలు. కిందటేడు కొత్త మెషిన్ పెట్టాడు, 16 జీబీ కార్డులు నాలుగు, అన్నీ 6000వే. పేర్లు అనవసరం. వారం తిరక్కుండా ఫోన్. "తమ్ముడూ, ఆల్బమ్ బ్యాకప్ తెరుచుకోట్లేదురా. షాపోడేమో ఎక్స్‌ఎంపీ ఆన్‌లో ఉంది గదా, ఇంకేంది అంటన్నాడు."

"రాత్రికి మెమ్‌టెస్ట్ పెట్టి పడుకో అన్నయ్యా. రేపు మధ్యాహ్నం ఎండ దిగేదాకా ఆపొద్దు," అన్నాను.

రాత్రంతా శుభ్రంగా నడిచింది. మధ్యాహ్నం రెండు దాటాక ఎర్ర గీతలు మొదలయ్యాయి. 3600కి దించితే పోయాయి. రెండు కార్డులు తీసేసి మళ్ళీ 6000కి పెడితే రాత్రి పర్లేదు, పగలు గంటకో తప్పు. 5600 దగ్గర రెండు రోజులు తిప్పినా ఒక్కటీ రాలేదు. "ఆరువేలకి డబ్బులు కట్టించుకుని ఐదువేల ఆరొందలేందిరా?" అని వాడి బాధ. ఆ ప్రశ్న కోర్టులో వేసినవాళ్ళకి 55 లక్షల డాలర్లొచ్చాయి. నరసరావుపేటలో వేస్తే షాపోడు టీ తాగిస్తాడు.

ఆగిపోయే కంప్యూటర్ నయం. ఆగకుండా తప్పు రాసేదే ప్రమాదం. యూనికోడ్‌లో 'త'కీ 'ద'కీ మధ్య తేడా ఒక్క బిట్. 'క'కీ 'గ'కీ కూడా అంతే. ఆ ఒక్క బిట్టూ తిరగబడితే 'తాత' కాస్తా 'దాత' అవుతాడు, 'కుడి' 'గుడి' అవుతుంది. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కాబట్టి స్పెల్‌చెక్‌కి దొరకవు. గసడదవాదేశంలో రెండక్షరాల పని ర్యామ్ వ్యాకరణం చదవకుండానే చేసిపెడుతుందన్నమాట. మాస్టారి పద్యాల్లో అలా జరిగితే ప్రూఫు చూసిన మనిషిని అనుమానిస్తాం కానీ ర్యామ్‌ని ఎవరు అనుమానిస్తారు? 2003లో బెల్జియంలోని షార్‌బేక్‌లో ఎన్నికల యంత్రం ఒక అభ్యర్థికి 4096 ఓట్లు ఎక్కువ వేసింది. రెండుని పన్నెండుసార్లు హెచ్చిస్తే వచ్చే అంకె అది. ఒక బిట్ తిరగబడిందని నిపుణులు తేల్చారు. ఓట్లు సాధ్యమైనదానికంటే ఎక్కువ వచ్చాయి కాబట్టి దొరికింది.

కారెంపూడిలో పల్నాటి వీరుల కథ పాడే వీర విద్యావంతుల దగ్గర పాఠం మారితే దాన్ని తప్పనరు, పాడేవాడి పాఠం అంటారు. జీన్ రోఘైర్ 1982లో అచ్చువేసిన పరిశోధన ఆలిశెట్టి గాలెయ్య పాడిన పాఠం మీద ఆధారపడింది. శ్రీనాథుడి పేర ఉన్న కావ్యం వేరు. రెండూ బతికున్నాయి. మనిషి ధారణకి ఆ వెసులుబాటు ఉంది. యంత్రానికి లేదు, దాన్ని కొన్నదే మార్చకుండా ఉంచుతుందని.

తప్పు పట్టే ఉపాయం లేక కాదు. 1981 నాటి తొలి ఐబీఎం పీసీలోనే ఎనిమిది బిట్లకి తొమ్మిదో కాపలా బిట్ ఉండేది. తొంభైల్లో ధర తగ్గించడానికి దాన్ని ఇంటి కంప్యూటర్లలోంచి పీకేశారు. తప్పు దిద్దే ఈసీసీ సర్వర్లకి మాత్రం మిగిలింది. అక్కడ అది ఖాళీగా కూచోలేదు. గూగుల్ సర్వర్ల మీద 2009లో వచ్చిన అధ్యయనం ప్రకారం ఏడాదిలో 8 శాతానికి పైగా మెమరీ కార్డుల్లో కనీసం ఒక్క తప్పయినా నమోదైంది. 2021 జనవరిలో లైనస్ టోర్వాల్డ్స్, మామూలు జనానికి ఈసీసీ అక్కర్లేదని ప్రచారం చేసి ఆ మార్కెట్‌ని చంపేశారని ఇంటెల్‌ని కడిగేశాడు. ఆయన నోటికి భయపడేవాళ్ళున్నారు గానీ, ఈ విషయంలో నాకు ఆయన మాటలో ఎక్కువేమీ కనపడలేదు. డీడీఆర్5 చిప్‌ల లోపల ఒక దిద్దుబాటు ఉంది నిజమే. అది చిప్ గోడల మధ్య జరిగే తప్పులకే. అన్నయ్య మెషిన్లోలాగా చిప్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారిలో చెడే బిట్‌ని అది చూడదు.

2024లో సీయూడిమ్ అని కొత్త రకం కార్డులొచ్చాయి. గడియారపు సిగ్నల్‌ని కార్డు మీదే మళ్ళీ శుభ్రం చేసి పంపే ఒక చిప్ వాటిలో ఉంటుంది. 6400 పైన నిలకడ కోసం జెడెక్కే రాసిన పద్ధతి. వాటి డబ్బాల మీదా 8000 దాటిన అంకెలున్నాయి. అన్నయ్య ఫోటో తీసి పంపించి, "ఇదన్నా నిజమేనా?" అని అడిగాడు. రెండే తీసుకో, మే నెలలో టెస్ట్ చేద్దాం అన్నాను.