సంజీవని లెక్క

నేను వర్జీనియాలోని హెర్న్‌డన్ నుంచి మాట్లాడుతున్నాను. డల్లెస్ విమానాశ్రయం పక్కనే మా ఊరు. వారమంతా కన్సల్టింగ్ ఉద్యోగం. శనివారం సాయంత్రం మాత్రం మా బేస్‌మెంట్‌లో నలుగురు పిల్లలకి నేను "డంజన్ మాస్టర్"ని. ఆ మాట ఎప్పుడూ వినని పెద్దవాళ్ళ కోసం కాస్త వివరం చెప్తాను. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని ఒక ఆట ఉంది. టేబుల్ చుట్టూ కూర్చుంటారు, ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర. కథ నేను చెప్తాను. నీ ముందు రాక్షసుడున్నాడు, ఏం చేస్తావు అని అడుగుతాను. వాళ్ళు చెప్పింది జరిగిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పురాణ కాలక్షేపంలో వినేవాళ్ళే పాత్రలైపోతే ఎలా ఉంటుందో అలా అనుకోండి.

మా అమ్మాయికి పదకొండేళ్ళు. తనది క్లెరిక్ పాత్ర. అంటే దెబ్బలు తగిలినవాళ్ళకి మంత్రంతో వైద్యం చేసే పూజారిణి.

పోయిన ఏడాది తణుకు దగ్గర మా ఊళ్ళో మా నాన్నగారు కాలం చేశారు. నేను విమానం దిగి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఆ తర్వాత నాలో ఒక మార్పు వచ్చింది, అది నాకే ఆలస్యంగా తెలిసింది. ఆటలో ఏ పిల్లవాడి పాత్ర చావబోయినా నాకు చెయ్యి రాలేదు. ఏదో ఒక దేవత ప్రత్యక్షమయ్యేది, లేకపోతే దారినపోయే ముని కమండలంలో నీళ్ళు చల్లేవాడు. నాలుగు వారాలు గడిచేసరికి పిల్లలు డ్రాగన్ నోట్లోకి నవ్వుకుంటూ దూకడం మొదలెట్టారు. "ఏం ఫర్వాలేదు, అంకుల్ బతికించేస్తారు" అని. ఒక రాత్రి మా అమ్మాయి డైసులు సర్దుతూ, "నాన్నా, ఎవరూ చావనప్పుడు ఇంక నేనెందుకు? నా పని నువ్వే చేసేస్తున్నావుగా" అంది.

నాకు ఎక్కడో తగిలింది. నేను వాళ్ళమీద దయ చూపిస్తున్నాననుకున్నాను. నిజానికి ఆటలో భయాన్నీ, నా కూతురి పనినీ కలిపి తీసేశాను. అందుకని ఆటల్లో, కథల్లో పోయినవాళ్ళని తిరిగి తెచ్చే నియమాలు ఎవరెవరు ఎలా పెట్టారో చూద్దామని కూర్చున్నాను. దొరికిన చరిత్ర మీతో పంచుకుంటాను.

ముందు మన ఇంట్లోంచే మొదలుపెడదాం. మహాభారతం ఆదిపర్వంలో కచుడి కథ మీకు తెలిసిందే. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయగారు దాన్ని తెలుగులోకి తెచ్చారు. దేవతలకీ రాక్షసులకీ యుద్ధం. రాక్షసుల గురువు శుక్రాచార్యుడికి మృతసంజీవని తెలుసు, దేవతల గురువు బృహస్పతికి తెలియదు. ఒక పక్షంలో చచ్చినవాళ్ళు లేచి వస్తుంటే రెండో పక్షానికి ఆట ఎక్కడిది? అందుకే బృహస్పతి కొడుకు కచుడు శిష్యుడిగా వెళ్ళాడు. రాక్షసులు అతన్ని చంపారు, గురువు బతికించాడు. చివరిసారి బూడిద చేసి కల్లులో కలిపి గురువుచేతే తాగించారు. ఇప్పుడు కచుడు రావాలంటే గురువు పొట్ట చీలాలి. శుక్రుడు కడుపులో ఉన్నవాడికే విద్య నేర్పాడు, వాడు బయటికొచ్చి గురువుని బతికించాడు. తర్వాత దేవయాని పెళ్ళాడమంది, గురుపుత్రివి కాబట్టి కుదరదన్నాడు. ఆ విద్య నీకు పనిచెయ్యదని ఆమె శపించింది. నాకు పనిచెయ్యకపోతే నేను నేర్పినవాళ్ళకి పనిచేస్తుందన్నాడు. చూడండి, అంత గొప్ప విద్యకీ ఖరీదుంది, హద్దుంది.

ఇక అమెరికా ఆట సంగతి. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ని మూడు చిన్న పుస్తకాలుగా తెచ్చారు. అందులోనే చచ్చినవాళ్ళని లేపే మంత్రం ఉంది. పోయి కొద్దిరోజులే అయి ఉండాలి, లేచినవాడు రెండు వారాలు విశ్రాంతి తీసుకోవాలి. 1978 పుస్తకంలో ఒంటి పటుత్వం కొద్దీ పాచిక వెయ్యమన్నారు. పాచిక పడకపోతే అంతే సంగతులు. లేచిన ప్రతిసారీ ఆ పటుత్వం ఒక అంకె తగ్గుతుంది. 2000లో వచ్చిన మూడో కూర్పులో లేచినవాడు సంపాదించుకున్న స్థాయిల్లో ఒకటి పోగొట్టుకుంటాడు. 2014 కూర్పులో అయిదొందల బంగారు నాణేల ఖరీదు చేసే వజ్రం కావాలి, నాలుగు రోజులు నీరసం ఉంటుంది. అంటే నలభై ఏళ్ళలో మూల్యం ఒంటినుంచి సంపాదనకీ, సంపాదననుంచి డబ్బు సంచికీ జరిగింది. డబ్బుతో చిక్కేమిటంటే, అది దండిగా ఉన్న జట్టుకి మళ్ళీ భయం ఉండదు.

ఇవన్నీ కాగితం మీద రాసుకుని చూస్తుంటే మా నాన్నగారు గుర్తొచ్చారు. ఆయన కుర్రతనంలో చెడుగుడు బాగా ఆడేవారు. "కూతకెళ్ళి ఒకణ్ణి కొట్టొస్తే మనవాడొకడు బతుకుతాడురా" అనేవారు. చావడం, బతకడం అనే మాటలు ఆ ఆటలో ఎంత మామూలో మీలో ఆడినవాళ్ళకి తెలుసు.

అసలు ఈ లెక్క అక్కడే తేలి ఉంది! పూర్వం మన దేశంలో ఈ ఆట మూడు రకాలుగా ఆడేవారు. "అమర్" పద్ధతిలో అవుటైనవాడు బయటికే పోడు, పాయింటు లెక్కేసుకుంటారు అంతే. "గామినీ" పద్ధతిలో పోయినవాడు జట్టంతా అవుటయ్యేదాకా రాడు. "సంజీవని" పద్ధతిలో అవతలివాడొకడు పోతే ఇవతలివాడొకడు లేస్తాడు. నేను బేస్‌మెంట్‌లో నడిపింది అమర్ పద్ధతన్నమాట! 1921లో మహారాష్ట్రలో సంజీవనినీ గామినీనీ కలిపి నియమాలు రాశారు, 1923లో ఒక సంఘం వాటిని సవరించింది. 1990 బీజింగ్ ఏషియన్ గేమ్స్‌లో కబడ్డీకి పతకాలిచ్చేనాటికి ఆ పునాదే నిలిచింది. ఇప్పటికీ ముందు పోయినవాడు ముందు లేస్తాడు. బోనస్ పాయింటుకి ఎవరూ లేవరు. ఏడుగురూ పోతే అవతలి జట్టుకి అదనంగా రెండు పాయింట్లు, ఓడినవాళ్ళు ఏడుగురూ మళ్ళీ బరిలోకి.

దీంట్లో నాకు నచ్చిందేమిటంటే, చచ్చినవాణ్ణి లేపేది దేవుడు కాదు, డబ్బు కాదు. బరిలో మిగిలినవాళ్ళు అవతలివాడొకణ్ణి అవుట్ చేస్తే వాడు లేస్తాడు.

మర్నాడు మా అమ్మాయీ నేనూ కూర్చుని మా ఆటకి నియమాలు రాసుకున్నాం. ఒకటి, పోయిన పాత్ర లేవాలంటే మిగిలినవాళ్ళు ఒక నిజమైన గెలుపు గెలవాలి. ఒక గెలుపుకి ఒక్కరే, పోయిన వరసలోనే. రెండు, మంత్రం చదివే క్లెరిక్ తన బలంలో సగం ఇవ్వాలి, మర్నాటిదాకా అది తిరిగి రాదు. మూడోది తనే చెప్పింది, పోయినవాడికి రావాలని ఉండాలి. ఈ మూడోది అసలు పుస్తకంలోనూ ఉందని నేను చెప్తే, "ఉండాలి మరి" అంది.

తర్వాతి శనివారం కత్తివీరుడి పాత్ర పోయింది. ఆ కుర్రాడి మొహం మాడిపోయింది, నా చెయ్యి మళ్ళీ లాగింది, ఆపుకున్నాను. వాడు గంటన్నర పక్కన కూర్చుని పాచికలు అందించాడు. మిగతా ముగ్గురూ మొదటిసారి గొంతులు తగ్గించి ఆలోచించారు. చివరికి కోట తలుపు గెలిచారు, మా అమ్మాయి తన బలంలో సగమిచ్చి వాణ్ణి లేపింది. ఆ రోజు వాళ్ళు వేసిన కేకలకి పైనుంచి మా ఆవిడ దిగొచ్చింది. నేను దేవతల్ని దింపిన నాలుగు వారాల్లో అలాంటి కేక ఒక్కటీ వినలేదు.

మా ఊరి పేరు విలియం లూయిస్ హెర్న్‌డన్ అనే కెప్టెన్‌ది. 1857 సెప్టెంబరులో సెంట్రల్ అమెరికా అనే ఓడ తుపానులో చిక్కుకుంటే, ఆడవాళ్ళనీ పిల్లల్నీ ముందు పడవలెక్కించి తను ఓడతోపాటే మునిగిపోయాడు. ఆయన్ని లేపే మంత్రమేదీ లేదు. అందుకే కదా ఊరికి పేరై మిగిలాడు.

మా నాన్నగారూ రారు. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది, అదీ ఒక పిల్లల ఆట దయవల్ల. ఈ వేసవికి మా పిల్లల్ని వెనక పెరట్లోకి తీసుకెళ్ళి సున్నంతో గీత గీసి కూత నేర్పాలని ఉంది. మీ ఇళ్ళలో చెడుగుడు ఆడిన తాతలుంటే, వాళ్ళ ఊళ్ళో బతికే లెక్క ఎలా ఉండేదో పిల్లలచేత అడిగించండి. చెప్పేవాళ్ళు ఉన్నప్పుడే అడగాలి.

సెలవు.