నీటిలోని ఇనుము: విజయపురి నుండి చేతిపంపు వరకు

ఇంటి నీటికి గల దోషములలో అందరికంటె ముందు కంటబడేది ఇనుము. ఇనుము ఎక్కువైన నీటితో వండితే అన్నము పసుపురంగుకు తిరుగుతుంది. ఉతికిన పంచెలమీద తుప్పుమరకలు పడుతవి. టీ కాచితే నల్లబడుతుంది. బిందె అడుగున ఎర్రని మడ్డి పేరుకుంటుంది. అయితే ఈ బాధ మన పూర్వులకు ఇంతగా లేదు. నది, చెరువు, దిగుడుబావి మనకు నీరిచ్చినంతకాలము ఇనుము పెద్ద సమస్య కాలేదు. మూసిన గొట్టములు, లోతైన బోరుబావులు వచ్చిన తరువాతనే ఇది ఇంటింటి మాట అయినది. ఈ మార్పు ఎట్లు వచ్చినదో తెలుసుకొనుటకు పలనాటి సీమ నుండి బయలుదేరుదాము.

ఇటుక తొట్లు, రాతి మెట్లు

పలనాడు జిల్లాలో మాచర్లకు సమీపమున, నాగార్జునసాగర్ ఆనకట్టకు కుడిగట్టున విజయపురి సౌత్ అనే ఊరున్నది. క్రీస్తుశకము 3, 4 శతాబ్దములలో ఇక్ష్వాకు రాజులకు రాజధానియైన విజయపురి పేరే దీనికి వచ్చినది. ఆ ప్రాచీన నగర శిథిలములను 1926లో ఎ. రంగస్వామి సరస్వతి గుర్తించినారు. 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్ట్, 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం త్రవ్వకములు జరిపినారు. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలినారు. ఆ లోయ నేడు జలాశయము క్రింద ఉన్నది. శిల్పములను నాగార్జునకొండ ద్వీపముమీది ప్రదర్శనశాలలో చూడవచ్చును. కొన్ని కట్టడములను అనుపువద్ద తిరిగి నిలిపినారు.

ఈ నగరములో బయటపడినవాటిలో కృష్ణ ఒడ్డున రాతి మెట్లతో కట్టిన స్నానఘట్టము, ఇటుకలతో కట్టిన తొట్లు, నీరు పారుటకు కాలువలు ఉన్నవి. నీటిని తాకినవి రాయి, ఇటుక, మట్టికుండ మాత్రమే. ఇనుము ఆ కాలమువారికి తెలియక కాదు. అంతకు పూర్వపు రాక్షసగుళ్లలోనే ఇనుప పనిముట్లు దొరికినవి. కాని ఇనుముతో గొట్టము పోతపోసి నీటిని నడిపించు విద్య అప్పటికి పుట్టలేదు. అందుచేత తుప్పునీరు వారి కష్టములలో ఒకటి కాలేదు.

వారికి కష్టము తెచ్చినది బురదనీరు. దానికి మందు చిల్లగింజ. బిందె లోపలిగోడమీద చిల్లగింజను అరగదీసి నీరు పోస్తే బురద అడుగుకు దిగుతుంది. నీటిని తేర్చు ద్రవ్యములలో దీనిని సుశ్రుతసంహిత పేర్కొన్నది. ఇచట ఒక సంగతి గమనించవలెను. చిల్లగింజయైనా పటికయైనా నీటిలో తేలాడే నలకలను మాత్రమే కూడదీసి దింపగలవు. పూర్తిగా కరిగిన ఇనుము వాటికి చిక్కదు.

అద్దకమువారి రసాయనశాస్త్రము

ఇనుమునకు గల రంగు మహిమను తెలుగుదేశములో అందరికంటె బాగుగా ఎరిగినవారు కలంకారీ పనివారు. శ్రీకాళహస్తిలోను, కృష్ణ సముద్రములో కలిసే మచిలీపట్నము ప్రాంతములోను ఈ కళ నేటికీ ఉన్నది. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లపునీటిలో కొన్నాళ్లు ఊరవేస్తే అది పులిసి ఇనుమును కరిగించుకొంటుంది. కరక్కాయ రసము పట్టించిన బట్టమీద ఈ ద్రవముతో గీతగీస్తే అది నల్లగా తేలుతుంది. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి నల్లని పదార్థము ఏర్పడుటయే దీనికి కారణము. అన్నభేది, కరక్కాయలతో సిరా చేసినది కూడ ఈ సూత్రముమీదనే. మన టీ నల్లబడుట దీనికి వేరు కాదు, టీ ఆకులోను టానిన్ ఉన్నది గదా!

ఈ సూత్రమే రసాయన పరీక్షలలో అతి ప్రాచీనమైనవాటిలో ఒకటి. క్రీస్తుశకము మొదటి శతాబ్దములో రోము దేశపు ప్లినీ, మాచికాయ రసములో తడిపిన పేపరసు ఆకుతో ఇనుప లవణపు కల్తీని పట్టవచ్చునని వ్రాసినాడు. 17వ శతాబ్దములో రాబర్ట్ బాయిల్ ఊటనీటిలో ఇనుమును మాచికాయతో పరీక్షించినాడు.

గొట్టములోని శత్రువు

1664లో ఫ్రాన్సు రాజు 14వ లూయీ వెర్సాయ్ ఉద్యానములకు పోత ఇనుప గొట్టములతో నీరు తెప్పించినాడు. 19వ శతాబ్దములో ఐరోపా నగరములన్నియు ఆ త్రోవ పట్టినవి. మూసిన గొట్టము వలన మురుగు నీటిలో కలియదు. కలరా భయము తగ్గుతుంది. కాని గొట్టము తానే తుప్పుపట్టుట ఆరంభించినది.

1824లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ ఓడల అడుగున ఉండే రాగి రేకుకు జింకు ముక్కలు తగిలిస్తే జింకు తాను కరిగి రాగిని కాపాడుతుందని చూపినాడు. ఇనుమునకూ ఇదే రక్ష. 1837లో ఫ్రాన్సులో సొరెల్ ఇనుముపై జింకుపూత పూసే పద్ధతికి పేటెంటు పొందినాడు. మనము జి.ఐ. గొట్టములని పిలిచేవి ఇట్టివే. జింకు ఉన్నంతవరకే ఈ కాపుదల. అది అయిపోగానే ఇనుమువంతు వస్తుంది.

పలనాటిలో సున్నపురాయి విస్తారము. నాగార్జునకొండ శిల్పములను చెక్కినదీ సున్నపురాయిమీదనే. అట్టి రాళ్లలో నిలిచిన నీరు గట్టినీరు అవుతుంది. గట్టినీటిలో సబ్బు నురుగురాదు, పప్పు ఉడకదు. కాని అది గొట్టము లోపల సన్నని సున్నపు పొర పేర్చి తుప్పును అడ్డగించగలదు. ఏ నీరు పొర పేరుస్తుందో, ఏ నీరు పొరను కరిగించి గొట్టమును తినివేస్తుందో లెక్కకట్టే మార్గమును 1936లో అమెరికాలో లాంజెలియర్ చూపినాడు.

బెర్లిన్ నేర్చిన పాఠము

ఇనుము గొట్టమునుండియే రానక్కరలేదు, భూమినుండియు రావచ్చును. 1877లో బెర్లిన్ నగరము టేగెల్ సరస్సు ప్రక్కన బావులు త్రవ్వి నీటిసరఫరా ప్రారంభించినది. తోడినప్పుడు స్వచ్ఛముగా ఉన్న నీరు గొట్టములలో గోధుమరంగుకు తిరిగినది. నూలుపోగులవంటి సూక్ష్మజీవులు కుచ్చులుగా పెరిగి గొట్టములు నింపినవి. ఫెర్డినాండ్ కోన్ 1870లో వర్ణించిన క్రెనోత్రిక్స్ ఇదియే. కొన్ని సంవత్సరములకే బెర్లిన్ ఆ బావులను వదలి సరస్సునీటిని వడగట్టుకోవలసి వచ్చినది.

కారణము ఇది. భూగర్భములో గాలి ఆడదు. అక్కడి బొగ్గుపులుసు వాయువు కలిసిన నీటిలో ఇనుము ఫెర్రస్ రూపములో రంగులేకుండ కరిగి ఉంటుంది. పైకి వచ్చి ఆమ్లజని తగులగానే ఫెర్రిక్ రూపమునకు మారి, కరుగని ఎర్రని మడ్డి అవుతుంది. 1890 ప్రాంతములో పీఫ్కే, ఓస్టెన్ అనే ఇంజనీర్లు ఈ శత్రువునే సాధనము చేసుకొన్నారు. నీటిని జల్లుగా రాల్చి, లేక కోకుబొగ్గు గుట్టమీద జారనిచ్చి, ముందే గాలి పట్టించినారు. ఏర్పడిన మడ్డిని ఇసుకలో వడగట్టినారు. బెర్లిన్ తిరిగి బావినీటికి మరలినది. నేటికీ ఇనుము తీసే కేంద్రములు చాలవరకు ఈ సూత్రముమీదనే నడుస్తున్నవి.

దీనికి గాలి ఎంత కావలెను? 15 లీటర్ల బిందెలో లీటరుకు 3 మిల్లీగ్రాముల చొప్పున 45 మిల్లీగ్రాముల ఇనుము ఉన్నదనుకొందాము. ఒక మిల్లీగ్రాము ఇనుమునకు 0.14 మిల్లీగ్రాము ఆమ్లజని చాలును. మొత్తము సుమారు 6.4 మిల్లీగ్రాములు, అంత ఆమ్లజని 25 మిల్లీలీటర్ల గాలిలోనే ఉన్నది! గాలికి కొరత లేదు, అది నీటితో కలియుటయే ప్రధానము. రెండవ సంగతి నీటి పి.హెచ్. పి.హెచ్. ఒక్క అంకె పెరిగితే ఈ చర్య సుమారు వందరెట్లు వేగమవుతుందని 1961లో స్టమ్, లీ చూపినారు. పుల్లని నీటికి తగుమాత్రము సున్నము కలుపుటలోని రహస్యమిదే. మన దిగుడుబావులలో చేదలు తాకి చిలికిన నీటికి గాలి తనంత తానే తగిలేది. మడ్డి బావిలోనే దిగేది.

చేతిపంపు, కంటికి కనబడని దోషము

1970ల చివర యూనిసెఫ్ తోడ్పాటుతో రూపొందిన ఇండియా మార్క్ 2 చేతిపంపు మన పల్లెలలో లక్షలుగా వెలసినది. మూసిన బోరు కనుక మురుగు చేరదు. కాని నీరు పుల్లనిదైనచోట జి.ఐ. గొట్టములు లోపల తినబడినవి. 1980లలో ప్రపంచబ్యాంకు పరిశోధకులు పశ్చిమ ఆఫ్రికా పంపులను పరీక్షించి, ఎర్రనీటికి అనేకచోట్ల భూమికంటె పంపే కారణమని తేల్చినారు. అక్కడి జనము రంగు, రుచి నచ్చక పంపును విడిచి పాత గుంటలకు మరలినారు. తుప్పు తానుగా పెద్ద అపాయము చేయలేదు. రోగములు గల నీటివద్దకు జనమును తిప్పి పంపినది.

ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కప్రకారము లీటరుకు 0.3 మిల్లీగ్రాము దాటిన ఇనుము బట్టలకు మరకలు పెడుతుంది. తాగునీటిలో సాధారణముగా ఉండే పాళ్లలో ఇనుమునకు ఆరోగ్యరీత్యా ఆ సంస్థ హద్దు విధించలేదు. దీనికి ప్రక్కన ఫ్లోరైడును నిలిపి చూడుడు. దానికి రంగు లేదు, వాసన లేదు; ఎముకలను వంచుతుంది. 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని గుర్తించి ప్రకటించినారు. విజయపురికి ఏటి ఆవల ఉన్న నల్లగొండ జిల్లా దీనితో ఎంత బాధపడినదో తెలుగువారికి చెప్పనక్కరలేదు. పటిక, సున్నములతో ఫ్లోరైడును దింపే పద్ధతిని నాగపూరు జాతీయ పరిశోధనాసంస్థ 1970లలో రూపొందించి, దానికి ఆ జిల్లా పేరే పెట్టినది. ఎర్రనీటిని పారబోసి తెల్లనీటిని నమ్మినవాడు ఒక్కొక్కచోట చిన్న దోషమును వదలి పెద్ద దోషమును తాగినవాడగును.

పాఠశాలలో చేయదగినవి

తెల్లవారి మొదట వచ్చే నీరే ఎర్రగా ఉండి, కొంతసేపటికి తేటపడితే దోషము చాలవరకు గొట్టములో ఉన్నది. పట్టినప్పుడు తేటగా ఉండి, నిలిచిన కొలది ఎర్రబడితే అది భూమినుండి వచ్చిన ఇనుము. ఒక గాజుగ్లాసు నీటిలో కరక్కాయ కషాయము కొన్ని చుక్కలు వేయుడు. ఇనుము తగినంత ఉంటే నీరు నల్లబారుతుంది. రెండవ గ్లాసులో వాననీరు పోసి సరిపోల్చుడు.

భూమినుండి వచ్చిన ఇనుమును ఇంట తగ్గించుటకు నీటిని రెండు పాత్రల మధ్య ఎత్తునుండి పలుమారులు పోసి, రాత్రంతా నిలిపి, కడిగిన సన్నని ఇసుకగుండా వడగట్టవచ్చును. భువనేశ్వరులోని ప్రభుత్వ పరిశోధనశాలవారు ఎర్రమట్టి, నది ఇసుక, రంపపు పొట్టు కలిపి కాల్చిన వడపోత బిళ్లను ఇందుకొరకే తయారుచేసినారు. ఇసుకను అప్పుడప్పుడు కడుగకపోతే అదియే మురికికి నిలయమగును. ఈ పద్ధతి ఫ్లోరైడును తీయదు. సూక్ష్మజీవులకూ పూర్తి హామీ కాదు. కనుక తాగేనీటిని కాచుకొనుట మానరాదు. ఊరి ప్రతి బోరునీటిని ఒకసారి ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఫలితమును పాఠశాల గోడమీద వ్రాసి ఉంచవలెను. ఇనుమును కన్ను పట్టగలదు. మిగిలినవాటిని పట్టుటకు పరీక్ష ఒక్కటే మార్గము.