స్ప్రింగునకు కళ్లెము

1804లో లండనులో ఒబదయా ఇలియట్ అను బండ్ల నిర్మాత కమాను స్ప్రింగులకు పేటెంటు పొందెను. గుఱ్ఱపుబండి నడకకు అవి చాలినవి. ఉక్కు పలకలు ఒకదానినొకటి ఒరసికొని ఊపును కొంత తామే అణచుకొనెడివి. మోటారు కారు వచ్చి వేగము హెచ్చిన పిదప ఆ ఒరపిడి చాలదయ్యెను. గుంత దాటిన కారు పలుమారులు ఎగిరిపడుచుండెను. చక్రము నేలను విడిచినపుడు బ్రేకు పట్టదు, స్టీరింగు మాట వినదు.

ఈ ఊపును అణచుటకు ఫ్రాన్సు దేశీయుడగు ట్రుఫో ఒక సాధనమును కల్పించెను. దానిని 20వ శతాబ్దపు తొలి సంవత్సరములలో అమెరికాలో ఎడ్వర్డ్ హార్ట్‌ఫర్డ్ వ్యాపింపజేసెను. ఒరసికొను బిళ్లలను మరతో బిగించుటయే అందలి కీలకము. యజమానులు దీనిని వేరుగా కొని తమ కార్లకు తగిలించుకొనెడివారు. అంగడిలో భాగములు కొని కారును చురుకు చేయు వేడుక అంత పాతది! అయితే ఘర్షణకొక అవలక్షణము కలదు. కదలిక మొదలగునపుడే అది గట్టిగా అడ్డును. వేగము హెచ్చినను అడ్డు హెచ్చదు. చిన్న కుదుపునకు బిగిసి, పెద్ద దెబ్బకు లొంగిపోవును. సన్నని రంధ్రము గుండా నూనెను నెట్టు షాక్ అబ్జార్బరులో ఇందుకు విపర్యయము: కదలిక ఎంత వడి అయిన అడ్డు అంత హెచ్చు. తుదకు గెలిచినది ఇదియే. కాని ఎడతెగక ఆడిన నూనె నురుగు కట్టును. నురుగు దేనిని అడ్డగలదు? 1950 దశకములో ద కార్బన్ నూనెను పీడనము గల వాయువుతో అదిమియుంచి ఈ చిక్కు తీర్చెను.

ఇక స్ప్రింగు ఎంత గట్టిగా ఉండవలెను? 1930 దశకములో జనరల్ మోటార్సులో మారిస్ ఆలీ, బరువులను అటునిటు మార్చదగిన కారుపై పరీక్షలు జరిపి, ముందు స్ప్రింగులు వెనుకవానికన్న మెత్తగా నున్నచో ప్రయాణము సుఖమని తేల్చెను. నాటి వాడుక ఇందుకు విరుద్ధము. లోటస్ స్థాపకుడు కాలిన్ చాప్‌మన్ 1962 నాటి ఎలాన్ కారులో మెత్తని స్ప్రింగులనే వాడెను. అయినను మలుపులలో ఆ కారుది గొప్ప పేరు. గట్టిదనమే చురుకుదనమని భ్రమించువారు దీనిని గమనింపవలెను.

కారును క్రిందికి దింపగోరి కొందరు చుట్ట స్ప్రింగును కోసివేయుదురు. ఆడెడి 8 చుట్లలో ఒకటి తీసిన గట్టిదనము సుమారు 14 శాతము హెచ్చును. క్రుంగుటకు చోటు మాత్రము తగ్గును. క్రొత్తది కొనునపుడు తీగె మందము ముఖ్యము. గట్టిదనము దాని నాల్గవ ఘాతమును అనుసరించును గనుక, మందము 10 శాతము పెరిగినచో గట్టిదనము 46 శాతము పెరుగును. గట్టిదనము రెట్టింపైనచో, ఊపు మునుపటివలెనే అణగుటకు షాక్ అబ్జార్బరు అడ్డు 1.41 రెట్లు కావలెను. అందుచేతనే ఈ రెంటిని జతపరచి అమ్ముటయు కలదు. స్ప్రింగు క్రుంగునప్పటికన్న తిరిగి సాగునపుడు అడ్డును హెచ్చుగా నుంచుట సామాన్యముగా వాడుక.