పండు ఈగ: వందేళ్ల ఇల్మ్, మన బాగుల నుక్సాన్

మామిడి ఫసల్ చేతికొచ్చే వేళ కొల్లాపూర్ బాగుల్లో హుకూమత్ పండు ఈగదే. ఆడ ఈగ ముదిరిన కాయ తోలుకు సన్నటి రంధ్రం చేసి గుడ్లు పెడుతుంది. పైకి కాయ సలామత్‌గానే కనిపిస్తుంది, లోపల పురుగు గుజ్జు తింటుంది. కోసేటప్పుడు తెలియదు. మండీలో బేరం కుదిరేటప్పుడూ తెలియదు. మాగబెట్టాకే బయటపడుతుంది. నల్లగొండ బత్తాయినీ, జామనూ కూడా ఇది వదలదు.

మరి నుక్సాన్ ఎవరిది? చెట్టు పట్టాదారుది. కానీ కాయ గుత్తకు ఇచ్చిన తోటల్లో దెబ్బ గుత్తదారుడికే. పూత చూసి, కర్జ్ తెచ్చి పైకం కట్టినవాడతను. అతని తర్వాత, బండి మీద పండ్లమ్ముకునే గరీబు. మన బాగ్వాన్ ఖాందాన్లకు ఈ లెక్క చెప్పనక్కర్లేదు.

దీని ఇలాజ్ దొరికింది హిందుస్తాన్‌లోనే. హౌలెట్ అనే అంగ్రేజ్ కీటక శాస్త్రవేత్త బిహార్‌లోని పూసాలో పనిచేసేవాడు. పొరుగాయన ఒకరు దోమలు రాకుండా రుమాలుకు సిట్రొనెల్లా నూనె రాసుకుంటే, పండు ఈగలు గుంపుగా వచ్చి వాలాయి. అన్నీ మగవే! 1912లో హౌలెట్ ఈ సంగతి రాశాడు. మగ ఈగలను లాగే ఖుష్బూ మిథైల్ యూజినాల్‌ది అని 1915లో తేల్చాడు. మగ ఈగలు ఎరకు చిక్కితే ఆడ ఈగకు జోడీ ఉండదు, నస్ల్ ఆగిపోతుంది. 1960ల్లో పసిఫిక్‌లోని రోటా దీవిలో ఈ ఎరకు విషం కలిపి ఆ ఈగను పూర్తిగా ఖతం చేశారు.

మన మామిడికి మాత్రం ఈ ఈగ వల్ల సజాలు పడుతూనే వచ్చాయి. జపాన్ ఇరవై ఏళ్లు మూసిన దర్వాజా 2006లో తెరిచింది. యూరోపియన్ యూనియన్ 2014 మే 1 నుంచి మామిడిని ఆపి, 2015లో మళ్లీ రానిచ్చింది.

బాగులో చేయాల్సింది పెద్ద ఖర్చు పని కాదు. కాయ ముదరకముందే ఎర బుట్టలు కట్టాలి. రాలిన కాయలను రోజూ ఏరి లోతుగా పాతిపెట్టాలి. పురుగు మట్టిలోకి దిగే ప్యూపా దశకు చేరుతుంది కాబట్టి, చెట్ల కింద దున్ని ఎండ తగలనివ్వాలి. అయితే ఒక్కరే చేస్తే ఫాయిదా తక్కువ. ఈగకు సర్హద్దులు లేవు, పక్క బాగు నుంచి మళ్లీ వస్తుంది.

అందుకే గుత్త బయానా ఇచ్చే రోజే మాట తేల్చుకోవాలి: బుట్టలు ఎవరు కొంటారు, రాలిన కాయ ఎవరు ఏరుతారు, పక్క తోటవాళ్లతో ఎవరు మాట్లాడతారు. ఆ మాట తేలకుండా కట్టిన పైకంలో ఈగకు కూడా హిస్సా ఉన్నట్టే.