బాటరీ చచ్చినదా, అలసినదా? సంచాయక ఘటము కథ

రాత్రి దీపములు ఆర్పుట మరచిన మోటారు కారు ఉదయమున కదలదు. తాళపుచెవి త్రిప్పినచో "టిక్కు" మను చప్పుడు తప్ప మరేమియు వినరాదు. "బాటరీ చచ్చినది" అని మనమందుము. కాని చచ్చుట వేరు, అలయుట వేరు. ఈ రెంటికి గల భేదము శాస్త్రజ్ఞులకు బోధపడుటకే ఎనుబది యేండ్లు పట్టినది. ఆ కథ తెలిసినవాడు తొందరపడి క్రొత్త బాటరీ కొనడు. తెలియక ప్రమాదమును కొనితెచ్చుకొనడు.

1800 సంవత్సరమున ఇటలీ దేశీయుడగు ఓల్టా తన విద్యుత్ స్తంభమును ప్రకటించెను. అందలి తుత్తునాగము కరిగినకొలది విద్యుత్తు పుట్టును. అది కరిగిపోయిన పిమ్మట ఘటము నిజముగనే చచ్చును. మరుసటి యేడు ఫ్రెంచివాడగు గోతరో ఒక వింతను చూచెను. ఉప్పునీటిలో ముంచిన ప్లాటినము తీగల గుండ కొంతసేపు విద్యుత్తును పంపి, ఓల్టా స్తంభమును తొలగించి, ఆ తీగలను కలుపగా కొంచెము విద్యుత్తు ఎదురు దిక్కున ప్రవహించెను. పుచ్చుకొన్నదానిని తిరిగి యిచ్చు గుణము అచట కనబడినది. కాని అర్ధశతాబ్దమువరకు అది ప్రయోగశాలలోని వింతగనే యుండిపోయెను.

ఆ వింతను పనిముట్టుగ మార్చినవాడు ఫ్రెంచి భౌతికశాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటె. ఏ లోహమునందు ఈ గుణము హెచ్చుగ నున్నదో పరీక్షించి, 1859లో సీసమునే యెన్నుకొనెను. రెండు సీసపు రేకుల నడుమ రబ్బరు పట్టీలు పెట్టి, చాపవలె చుట్టి, నీరు కలిపిన గంధకికామ్లములో నిలిపెను. మరుసటి యేడు తొమ్మిది ఘటముల బాటరీని ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తునకు సమర్పించెను. అయితే రేకులు చక్కగ పనిచేయుటకు వానిని నెలల తరబడి నింపుచు, ఖాళీచేయుచు నుండవలసి వచ్చెను. నింపుటకైనను వేరొక ఘటమే దిక్కు. 1871లో గ్రామ్ తన డైనమోను చూపిన పిమ్మట ఆ కొరత తీరెను. 1881లో కామిల్ ఫోర్ రేకులకు సీసపు ఆక్సైడు ముద్దను పూసి, నెలల శ్రమను తగ్గించెను. ఆ యేడే అట్టి ఘటములను పెట్టెలో నుంచి పారిస్ నుండి గ్లాస్గోలోని విలియం థామ్సన్‌కు పంపిరి. అందు పది లక్షల అడుగు-పౌనుల శక్తి నిలువయున్నది. నేటి చిన్న కారు బాటరీలో నిమిడియుండు శక్తి యించుమించు అంతే!

లోపల జరుగుచున్నదేమో 1882లో గ్లాడ్‌స్టన్, ట్రైబ్ అను ఇరువురు ఆంగ్ల రసాయనజ్ఞులు వివరించిరి. నిండిన ఘటములో ఒక పలక సీసము, రెండవది సీసపు పెరాక్సైడు. విద్యుత్తు నిచ్చునపుడు రెండును సీస గంధకితముగ మారును, ఆమ్లము ఖర్చగును, నీరు పుట్టును. నింపునపుడు ఇదియంతయు తలక్రిందులగును. కావున బాటరీ బలము దాని ద్రవముననే వ్రాసియున్నది. నిండిన ఘటమునందు ద్రవపు విశిష్ట గురుత్వము సుమారు 1.27, ఖాళీ ఘటమునందు 1.12 దరిదాపు. కాని ఖాళీ బాటరీని వారములకొలది వదలినచో సీస గంధకితము గట్టి స్ఫటికములుగ పెరిగి, మరల కరుగుటకు మొరాయించును. ఇదియే నిజమైన మరణము.

తొలినాళ్ళలో కారు ముందు నిలచి, ఇనుప హ్యాండిలును చేత త్రిప్పవలసియుండెను. ఇంజను వెనుకకు తన్నినచో చేయి విరుగుచుండెను. దుకాణముల నగదు యంత్రములకు చిన్న మోటారు అమర్చిన అనుభవము గల అమెరికను చార్లెస్ కెటరింగ్ 1911లో దీనికి విరుగుడు కనుగొనెను. క్షణకాలమే పనిచేయు మోటారు తన శక్తికి మించిన భారమును ఓర్చుకొనగలదని ఆయన గ్రహించెను. ఇంజను తిరిగిన పిమ్మట అదే మోటారు జనరేటరై బాటరీని నింపును. 1912 నాటి కాడిలాక్ కార్లలో ఇది వచ్చెను. నాటినుండి బాటరీ లేనిదే బండి లేదు.

ఇంటివద్ద చేయు పరీక్షలన్నియు ఈ చరిత్రనుండి పుట్టినవే. మొదట కొనలను చూడుడు. అవి వదులుగ నున్నను, తెల్లని పొడి పట్టినను మంచి బాటరీయు మూగవోవును. వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, ఆరబెట్టి, బిగింపుడు. పిమ్మట దీపములు వెలిగించి తాళము త్రిప్పుడు. దీపములు మసకబారినచో బాటరీలోనో, కొనలలోనో బలహీనత కలదు. అవి తగ్గక వెలుగుచు "టిక్కు" మాత్రమే వినబడినచో, దోషము స్టార్టరు వైపున నుండవచ్చును. కొన్ని గంటలు విశ్రాంతిగ నున్న బాటరీ 12.6 ఓల్టులు చూపినచో నిండుగ నున్నట్లు. 12 కంటె తగ్గినచో ఖాళీ. మూతలు గలదైనచో హైడ్రోమీటరుతో ఆరు గదులను చూడుడు. అన్నియు సమముగ తగ్గియున్నచో అలసట. నింపి చూచినను ఒక్కటి మాత్రము మిక్కిలి తగ్గియున్నచో ఆ గది చచ్చినదే. బండి కదలిన పిమ్మట సుమారు 14 ఓల్టులు రానిచో, తప్పు నింపు యంత్రముది, బాటరీది కాదు.

నిండునపుడు ఘటమునుండి ఉదజని, ఆమ్లజని వెలువడును. ఈ మిశ్రమము నిప్పురవ్వకే పేలును. కావున వేరొక కారునుండి విద్యుత్తు తీసికొనునపుడు ఖాళీ బాటరీ ధనధ్రువము, మంచి బాటరీ ధనధ్రువము, మంచిదాని ఋణధ్రువము వరుసగ కలిపి, చివరి కొనను కదలని కారు ఇంజను లోహమునకు, బాటరీకి దూరముగ తగిలింపుడు. రవ్వ అచటనే పుట్టును గదా! కండ్లకు అద్దములు ధరింపుడు. ద్రవము తగ్గినచో డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయుడు, ఆమ్లము వలదు.

ఇంత పాత యంత్రమైనను దీని రహస్యము ఇటీవలి దాక పూర్తిగ విప్పబడలేదు. సీసపు పరమాణువు బరువైనది; అందు కేంద్రము దాపున తిరుగు ఎలక్ట్రానులు కాంతివేగములో చెప్పుకోదగిన భాగమును అందుకొనును. ఘటమిచ్చు 2.1 ఓల్టులలో 1.7 మొదలు 1.8 ఓల్టుల వరకు ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంత ఫలితమే యని 2011లో పీక్కో మున్నగు శాస్త్రజ్ఞులు గణించిరి. సీసమున కున్న యీ గుణము, దాని పైవరుసనున్న తగరమునకు లేకపోవుటకు కారణ మిదియే.

నిజముగ చచ్చిన బాటరీని ఇంట పగులగొట్టుట, పెరటిలో పారవేయుట తగదు. సీసపు ధూళి పసిపిల్లల మెదడును చెరచును. ఆ సీసమును కరిగించి మరల పలకలుగ పోయవచ్చును. మన దేశమున 2022 నాటి నియమములు ఆ బాధ్యతను తయారుచేయువారిపై నుంచినవి. పాతదానిని దుకాణమునకు తిరిగి యిచ్చుట మన వంతు.