మొబైల్ యాప్ డెమో వీడియో: స్క్రీన్ రికార్డు చేసే పద్ధతి, తీసుకోవాల్సిన జాగ్రత్తలు

షోలాపూర్, భివండీల్లోని మన చేనేత కుటుంబాల్లో ఇంటి మాట తెలుగు, బడి చదువు మరాఠీ. హోసూరు, కృష్ణగిరి వైపు పిల్లలు చదివేది తమిళం. బళ్లారి, కోలారు వాళ్లకు కన్నడం, బరంపురం, రాయగడ వాళ్లకు ఒడియా. తెలుగు వింటే వీళ్లందరికీ అర్థమవుతుంది, కానీ తెలుగు లిపి అందరికీ రాదు. పెద్దవాళ్లలో రాష్ట్ర భాష మాట్లాడగలిగినా చదవలేనివాళ్లు ఉన్నారు. ఆదాయ ధ్రువపత్రం, స్కాలర్‌షిప్, పింఛను వంటి పనులు ఫోన్‌లోకి వచ్చేశాక, ఇంట్లో చదువుకున్న పిల్లలు దగ్గర లేకపోతే ఫోన్‌ను ఎవరో ఒకరి చేతిలో పెట్టక తప్పడం లేదు. ఓటీపీ కూడా ఆ చేతిలోకే పోతోంది.

అందుకే రాసిపెట్టిన సూచనల కన్నా, యాప్ స్క్రీన్ కదులుతూ కనిపిస్తుండగా తెలుగులో మాట వినిపించే మూడు నిమిషాల వీడియో మనవాళ్లకు ఎక్కువ పనికొస్తుంది. సంఘాల వాళ్లు, టీచర్లు, కాలేజీ పిల్లలు ఎవరైనా దీన్ని తయారు చేయవచ్చు. కావలసింది ఒక ఫోన్, ఒక ఇయర్‌ఫోన్, నిశ్శబ్దంగా ఉండే గది. ఎలా చేయాలో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో ఇక్కడ వివరంగా ఇస్తున్నాం.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో

2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5 నుంచి వేరే యాప్ వేసుకుని స్క్రీన్ రికార్డు చేసే వీలు కలిగింది. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుంచి ఈ సౌకర్యం ఫోన్‌లోనే ఉంటోంది. కొన్ని కంపెనీలు అంతకుముందే తమ ఫోన్లలో సొంతంగా ఇచ్చాయి. కాబట్టి ఇప్పుడున్న చాలా ఫోన్లలో దీనికోసం కొత్త యాప్ వేయనక్కర్లేదు.

స్క్రీన్ పై అంచు నుంచి వేలితో రెండుసార్లు కిందికి లాగితే చిన్న గుర్తుల వరుస వస్తుంది. అందులో స్క్రీన్ రికార్డ్ అనేది కనిపించకపోతే పెన్సిల్ గుర్తు నొక్కి, దాన్ని వరుసలోకి తెచ్చుకోవాలి. నొక్కగానే రెండు విషయాలు అడుగుతుంది. ఒకటి శబ్దం: ఫోన్ లోపలి శబ్దమా, మైకా, రెండూనా అని. మాట్లాడుతూ రికార్డు చేసేవారు మైక్‌ను ఎంచుకోవాలి. రెండోది వేలి తాకిడిని చూపాలా అని. దీన్ని తప్పకుండా ఆన్ చేయాలి. అప్పుడు వేలు పెట్టిన చోటల్లా చిన్న చుక్క కనిపిస్తుంది. చదవలేనివారికి ఆ చుక్కే దారి చూపుతుంది.

ఐఫోన్‌లో

2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్‌లో స్క్రీన్ రికార్డింగ్ ఉంది. కంట్రోల్ సెంటర్‌లో దాన్ని చేర్చుకుని, రికార్డు గుర్తు నొక్కితే మూడు అంకెలు లెక్కపెట్టి మొదలవుతుంది. ఆ గుర్తును నొక్కి పట్టుకుంటే మైక్ ఆన్ చేసే వీలుంటుంది. ఇది మరిచిపోతే మన మాట రికార్డు కాదు. వీడియో ఫొటోల్లోకి చేరుతుంది. ఐఫోన్ రికార్డింగ్‌లో వేలి చుక్క రాదు. అందుకే ‘కింద కుడివైపు నీలం రంగు బటన్’ అంటూ ప్రతి చోటునూ నోటితో చెప్పాలి.

కంప్యూటర్ ఉంటే

ఎక్కువ వీడియోలు చేసే సంఘాలకు కంప్యూటర్ సులువు. ఆండ్రాయిడ్ ఫోన్‌కు ఎస్‌సీఆర్‌సీపీవై అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. కేబుల్‌తో ఫోన్‌ను కలిపితే స్క్రీన్ కంప్యూటర్‌పై కనిపిస్తుంది, అక్కడే రికార్డు కూడా అవుతుంది. దీనికి ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్లు తెరవాలి. సెట్టింగుల్లో బిల్డ్ నంబర్‌పై ఏడుసార్లు తడితే అవి వస్తాయి. వాటిలో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయాలి, పని అయ్యాక మళ్లీ ఆఫ్ చేయాలి. ఐఫోన్‌ను యాపిల్ కంప్యూటర్‌కు కేబుల్‌తో కలిపితే అందులోని క్విక్‌టైమ్ ప్లేయర్‌తో రికార్డు చేయవచ్చు.

యాప్ ఏ భాషలో ఉండాలి?

మన ఊళ్లకు ముఖ్యమైన ప్రశ్న ఇది. తెలుగు వీడియో కదా అని యాప్‌ను తెలుగులోకి మార్చి రికార్డు చేస్తే బాగుంటుందని అనిపిస్తుంది. కానీ చూసేవారి ఫోన్‌లో అదే యాప్ కన్నడంలోనో మరాఠీలోనో ఉంటే, వీడియోలోని తెలుగు బటన్ వాళ్లకు ఎక్కడా దొరకదు. చూసేవారి ఫోన్‌లో ఏ భాష ఉంటుందో ఆ భాషలోనే స్క్రీన్‌ను రికార్డు చేయాలి. మాట మాత్రం తెలుగులో ఉండాలి.

కర్ణాటక సేవా సింధు, మహారాష్ట్ర ఆపలే సర్కార్, తమిళనాడు ఈ-సేవై, ఒడిశావన్ వంటి సేవలకు ఈ పద్ధతి సరిపోతుంది. దరఖాస్తు పంపే బటన్ కన్నడంలో ‘సల్లిసి’ అని, మరాఠీలో ‘సాదర్ కరా’ అని, తమిళంలో ‘సమర్పి’ అని ఉండవచ్చు. ముందు ఆ మాటను ఉన్నదున్నట్టు పలకాలి, తర్వాత ‘ఇది నొక్కితే దరఖాస్తు వెళ్లిపోతుంది’ అని తెలుగులో చెప్పాలి. అక్షరం రాకపోయినా మాట చెవిన పడితే, రేపు ఆఫీసులో అదే మాట వినిపించినప్పుడు గుర్తుపడతారు.

2017లో వచ్చిన కేంద్రం వారి ఉమంగ్ వంటి యాప్‌లలో తెలుగు కూడా ఉంది. తెలుగు చదవగలిగే యానాం వంటి చోట్ల నేరుగా తెలుగు స్క్రీన్‌తోనే చేయవచ్చు. ఆండ్రాయిడ్ 13, ఐఓఎస్ 13 నుంచి ఫోన్ మొత్తం ఒక భాషలో ఉన్నా, ఒక్క యాప్‌ను మాత్రం వేరే భాషలో పెట్టుకునే వీలుంది. ఆ యాప్‌లో ఆ భాష ఉండాలి, అంతే.

రికార్డుకు ముందు

డు నాట్ డిస్టర్బ్ ఆన్ చేయండి. వాట్సాప్ సందేశం మధ్యలో వచ్చి పడితే వీడియో పాడవడమే కాదు, పంపినవారి పేరు, మాట కూడా ఊరంతా చూస్తారు. స్క్రీన్ తిరగకుండా నిలువుగానే ఉంచండి, చూసేవారూ ఫోన్‌లోనే చూస్తారు. అక్షరాల సైజు ఒక మెట్టు పెంచండి. ఒక వీడియోలో ఒకే పని చూపండి. లాగిన్ ఒకటి, దరఖాస్తు ఒకటి, స్థితి తెలుసుకోవడం ఒకటి. మొత్తం పని ఒకసారి రికార్డు లేకుండా చేసి చూసుకుంటే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. ప్రతి నొక్కుకు ముందు ఒక్క క్షణం ఆగి, ఏం నొక్కబోతున్నామో చెప్పి, ఆ తర్వాత నొక్కాలి. మాట ఊళ్లో మాట్లాడే తెలుగులోనే ఉంటే చాలు. పుస్తకాల మాటలు వెతకనక్కర్లేదు.

ఆధార్, ఓటీపీ కనిపించకూడదు

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. స్క్రీన్ రికార్డర్ స్క్రీన్‌పై ఉన్నదంతా తీస్తుంది: ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ, బ్యాంకు ఖాతా, ఓటీపీ. ఓటీపీ కొద్ది నిమిషాల్లో చెల్లకుండా పోతుంది, మిగతావి మారవు. వీడియో ఒకసారి గ్రూపుల్లోకి వెళ్లాక వెనక్కి తీసుకోలేం. వేరొకరి దరఖాస్తుతో డెమో చేయడం మొదలే వద్దు, వాళ్లు సరేనన్నా సరే.

నంబరు కొట్టే చోట రికార్డు ఆపి, ఆ పని అయ్యాక మళ్లీ మొదలుపెట్టి, తర్వాత రెండు ముక్కలూ కలపడం మంచి పద్ధతి. మధ్యలో ‘ఇక్కడ మీ నంబరు కొట్టండి’ అని చెబితే చాలు. తీసేసిన వీడియోను పంపేముందు శబ్దం ఆపి ఒకసారి, కళ్లు మూసుకుని వింటూ ఒకసారి చూసుకోవాలి. నంబరును నోటితో చదివినా బయటపడినట్టే. ఆధార్ కార్డు చూపక తప్పనప్పుడు మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ వాడాలి.

బ్యాంకు యాప్‌లు రికార్డు చేస్తే చాలాసార్లు నల్ల స్క్రీన్ మాత్రమే వస్తుంది. అది ఫోన్ లోపం కాదు. తమ స్క్రీన్‌ను ఎవరూ తీయకూడదని యాప్ తయారుచేసినవారు పెట్టిన తాళం. దాన్ని తప్పించే మార్గాలు వెతకవద్దు. అలాంటి యాప్‌ల గురించి నోటితో చెప్పడమే మేలు.

ఇంకో మాట వీడియోలోనే చెప్పాలి. స్క్రీన్ రికార్డు చేయడం వేరు, మన స్క్రీన్‌ను మరొకరికి చూపించే యాప్ వేసుకోవడం వేరు. ఇలాంటి యాప్‌లతో డబ్బు కాజేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2019లోనే హెచ్చరించింది. ‘సాయం చేస్తాం, ఈ యాప్ వేసుకోండి’ అని ఎవరు ఫోన్ చేసినా ఒప్పుకోవద్దని, డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని ప్రతి వీడియో చివర ఒక్క వాక్యం చేర్చితే మంచిది.

పంపడం, భద్రపరచడం

వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే సైజు తగ్గి అక్షరాలు మసకబారతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళుతుంది. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెడితే లింకు ఉన్నవారే చూస్తారు, అయితే ఆ లింకు ఎవరికైనా చేరవచ్చని గుర్తుంచుకోవాలి. ఎడిటింగ్‌లో మాట, బొమ్మ కలవకపోతే కంగారు వద్దు. ఫోన్ రికార్డింగ్‌లో ఒక్కో క్షణానికి ఫ్రేముల సంఖ్య మారుతూ ఉండటం వల్ల ఇలా జరుగుతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాంతో దాన్ని స్థిరంగా మార్చుకుంటే సర్దుకుంటుంది.

యాప్‌లు మారుతూ ఉంటాయి. పాత వీడియో చూసి లేని బటన్ వెతికేవారు ‘నాకు చేతకాదు’ అనుకుని మళ్లీ దళారి దగ్గరికే వెళతారు. అందుకే వీడియో మొదట్లోనే నెల, సంవత్సరం, ఏ రాష్ట్రం సేవ అన్నది చెప్పాలి. యాప్ మారినప్పుడు పాతది తీసేసి కొత్తది పెట్టాలి. పంపేముందు మీ వీధిలో ఫోన్ అంతగా తెలియని ఒక పెద్దావిడకో పెద్దాయనకో చూపించండి. ఎవరినీ అడగకుండా వాళ్లు ఆ పని పూర్తిచేయగలిగితే వీడియో సిద్ధమైనట్టే.